డాన్యూబ్ రివర్ క్రూయిజ్: అమ్మానాన్నలకి ఏ క్యాబిన్ తీసుకోవాలి? తిండి సంగతేంటి?

కేపీహెచ్‌బీ_కుర్రాడు:
అందరికీ నమస్కారం. నాన్నగారు ఈ మధ్యే రిటైరయ్యారు. ఇద్దరికీ యూరప్ చూపించాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా. రోజుకో హోటలు, తెల్లారగానే సూట్‌కేసులు సర్దుకుని బస్సెక్కడం వాళ్ల వల్ల కాదు. అందుకే మే నెలాఖరుకి జర్మనీలోని పసావ్ నుంచి వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్ చూపించి మళ్లీ పసావ్‌లో దింపే ఏడు రాత్రుల క్రూయిజ్ చూస్తున్నా.

మూడు రకాల క్యాబిన్లు చెప్పారు. కింద డెక్‌లో తెరుచుకోని కిటికీ ఉన్నది, మధ్య డెక్‌లో ఫ్రెంచ్ బాల్కనీ, పైన నిజం బాల్కనీ. ఒక్కో మెట్టుకీ మనిషికి యాభై అరవై వేలు పెరుగుతోంది. జీవితంలో ఒక్కసారి వెళ్తారు కదా, బాల్కనీయే తీసెయ్ అంటోంది మా ఆవిడ. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. వెళ్లొచ్చినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, పుణ్యం ఉంటుంది.

మ్యూనిక్_మామయ్య:
బాబూ, బాల్కనీకి డబ్బు కట్టేముందు ఆ ఓడ ఎందుకలా ఉంటుందో తెలుసుకో. సగం ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి.

ఇక్కడి రివర్ క్రూయిజ్ ఓడలు చాలామటుకు 110 లేదా 135 మీటర్ల పొడవుంటాయి. వెడల్పు మాత్రం పదకొండున్నర మీటర్లు దాటదు. డాన్యూబ్‌ని రైన్ నదితో కలిపే మైన్-డాన్యూబ్ కాలువ 1992లో తెరిచారు. దాని మీద లాకుల వెడల్పు 12 మీటర్లే. ఓడ రెండు నదుల్లోనూ తిరగాలంటే అందులో పట్టాలి. పైన చూస్తే వంతెనలు. అంచేత మూడు అంతస్తులకి మించి కట్టలేరు. పక్కకి పెరగడానికి లేదు, పైకి పెరగడానికి లేదు, ఇక మిగిలేది పొడుగు. పొడుగాటి నడవా, దానికి అటూ ఇటూ చిన్న చిన్న గదులు. సముద్రం ఓడల ఫొటోలు చూసి ఈత కొలనులు, క్యాసినోలు, నాలుగు రకాల రెస్టారెంట్లు ఉంటాయనుకుంటే నిరాశే. ఒక భోజనశాల, ఒక లాంజ్, పైన ఎండకి కూర్చునే సన్ డెక్. ఇంకా కావాలంటే చిన్న జిమ్, మసాజ్ గది, నాలుగు సైకిళ్లు. అంతే.

ఇప్పుడు క్యాబిన్లు. కింద డెక్ సగం నీళ్లలోనే ఉంటుంది, కిటికీ గోడకి పైన, దాదాపు సీలింగ్ దగ్గర ఉంటుంది. మంచం మీద పడుకుంటే ఆకాశం, నిలబడితే నీళ్లు. హంసలు వచ్చి సరిగ్గా కళ్ల ఎత్తులో ఈదుతుంటాయి, అదో సరదా. ఫ్రెంచ్ బాల్కనీ అంటే నేల నుంచి పైదాకా గాజు తలుపు, అది జరిపితే అడ్డంగా ఒక రెయిలింగ్. బయట అడుగు పెట్టే చోటు ఉండదు. గాలి వస్తుంది, కుర్చీ తలుపు దగ్గరికి లాక్కుని కూర్చోవచ్చు. పైన ఉండేదే అసలు బాల్కనీ, రెండు కుర్చీలు పడతాయి.

2012 నుంచి వచ్చిన వైకింగ్ కంపెనీ వాళ్ల లాంగ్‌షిప్ ఓడలనే చూడు. 95 క్యాబిన్లు, 190 మంది. వాటిలో కింద డెక్ గది 150 చదరపు అడుగులు, ఫ్రెంచ్ బాల్కనీ గది 135. ఎక్కువ డబ్బు కట్టినదే చిన్న గది! అసలు బాల్కనీ ఉన్నది 205. వాళ్లు నడవాని మధ్యలో కాకుండా ఒక పక్కకి జరిపి కట్టారు. అందుకే ఒకవైపు గదులు పెద్దవి, రెండోవైపువి ఇరుకు. అవలాన్ అనే ఇంకో కంపెనీ వాళ్లు వేరే దారి పట్టారు. బాల్కనీ జోలికి పోకుండా మంచాన్నే కిటికీ వైపు తిప్పేశారు, గది మొత్తం బాల్కనీ అయిపోతుంది. నాకైతే అదే తెలివైన పని అనిపించింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. ఓడ ఎక్కువగా రాత్రిళ్లు నడుస్తుంది. పగలు ఏదో ఒక ఊళ్లో కట్టేసి ఉంటుంది. రేవుల్లో చోటు తక్కువ కాబట్టి ఒక ఓడ పక్కన ఇంకోటి, దాని పక్కన మూడోది ఆనించి కడతారు. పొద్దున్న లేచి కర్టెన్ తీస్తే ఎదురుగా నది ఉండదు, పక్క ఓడలో ఎవరో పెద్దాయన పళ్లు తోముకుంటూ కనిపిస్తాడు. చెయ్యి చాపితే అందేంత దూరం. అప్పుడు నీ బాల్కనీ ఏం చేసుకుంటావు?

రాజోలు_సరంగు:
మామయ్యగారూ, లాకులు అంటే మా కోనసీమ వాళ్లకి చెప్పాలా! ధవళేశ్వరం నుంచి కాలవల్లో పడవలు నడిచిన రోజుల్లో మా తాతగారిది లాకుల మీదుగా సరుకు వేసే పని. తలుపులు మూస్తారు, నీళ్లు నింపుతారో వదుల్తారో, పడవ పైకో కిందకో వస్తుంది, ముందు తలుపు తెరుస్తారు. సూత్రం అదే, సైజే వేరు.

పసావ్ నుంచి బుడాపెస్ట్‌కి ఎన్ని లాకులు తగుల్తాయండీ? రాత్రి నిద్ర పడుతుందా?

మ్యూనిక్_మామయ్య:
సరంగు గారూ, యోఖెన్‌స్టైన్‌తో మొదలుపెడితే ఆస్ట్రియా అయ్యేసరికి పది, తర్వాత స్లొవాకియాలో గాబ్చికోవో. మొత్తం పదకొండు. వెనక్కి వచ్చేటప్పుడు మళ్లీ అన్నీ ఎక్కాలి. మొదటి పదీ 24 మీటర్ల వెడల్పువి, రెండు ఓడలు పక్కపక్కన పడతాయి. గాబ్చికోవోలో దాదాపు 20 మీటర్లు దిగుతుంది. పగలైతే అందరూ డెక్ మీదే ఉంటారు. రాత్రయితే కిటికీలోంచి నాచు పట్టిన తడి కాంక్రీటు గోడ మెల్లగా పైకి పాకుతూ కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు ఓడ మునుగుతోందని హడలిపోతారు. అమ్మానాన్నలకి ముందే చెప్పి పంపు.

నిద్ర సంగతి: ఓడ ఊగదు, కడుపులో తిప్పదు. చప్పుడు మాత్రం రెండు చోట్ల. వెనక ఇంజను. ముందు భాగంలో ఓడని పక్కకి జరిపే థ్రస్టర్లు, రేవుకి ఆన్చేటప్పుడు, లాకులో దూరేటప్పుడు అవి గుర్రుమంటాయి. తెల్లవారుజామున అయిదింటికి తల కింద గుర్రుమంటే ఎవరికి నిద్ర పడుతుంది? ఏ డెక్ అయినా సరే, ముందుండే అణియం వద్దు, వెనకుండే అమరం వద్దు, నడుమ గది అడగాలి. దానికి అదనంగా డబ్బు కూడా పెద్దగా ఉండదు.

శ్రీవల్లి_వియన్నా:
తిండి గురించి నేను చెప్తాను. మా అత్తగారినీ మామగారినీ ఇదే రూట్లో తీసుకెళ్లాం. ఓడ పేరు చెప్పను గానీ, మొదటి రెండు పూటలూ మా అత్తగారు ఏడుపొక్కటే తక్కువ.

పొద్దున్న బఫే. రకరకాల బ్రెడ్లు, చీజ్‌లు, పండ్లు, ఓట్స్, పెరుగు. పెరుగు ఎప్పుడూ ఉంటుంది, అది మనవాళ్లకి కొండంత అండ. మధ్యాహ్నం సగం బఫే, సగం ఆర్డరు. రాత్రి ఏడింటికి ఓడ మొత్తం ఒకేసారి కూర్చుంటుంది. సీట్లు ఎవరివీ కేటాయించరు, ఆరుగురో ఎనిమిదిమందో పట్టే బల్లలు. సూపు, స్టార్టరు, మెయిన్, డెజర్ట్, ఒక్కోటీ తీరిగ్గా వస్తుంది, లేచేసరికి తొమ్మిది. దొరలకి అది వినోదం. మన పెద్దవాళ్లకి మధ్యలోనే ఆకలి చచ్చిపోతుంది. లాంజ్‌లో తేలికపాటి భోజనం పెడతారేమో కనుక్కోండి, వైకింగ్‌లో ముందు భాగాన అక్వావిట్ టెర్రస్ అని అలాంటిది ఉంది. కబుర్లు చెప్పాల్సిన పని లేకుండా త్వరగా తినేసి రావచ్చు.

మెనూలో శాకాహారం రోజూ ఉంటుంది. కానీ వాళ్ల శాకాహారం వేరు. గుడ్డు శాకాహారమే. గూలాష్ ఎలాగూ బీఫ్. కూరగాయల సూపే కదా అని తీసుకుంటే అది ఎముకల రసంతో చేసి ఉండొచ్చు. పైన పొరలా వణికే డెజర్టుల్లో జెలటిన్. కైజర్‌ష్మార్న్, పాన్‌కేకుల్లాంటి పలాచింకెన్, అన్నీ గుడ్డుతోనే. అందుకని "వెజిటేరియన్" అని టిక్ పెట్టి ఊరుకోకండి. మాంసం, చేప, గుడ్డు, మాంసం రసం, జెలటిన్ వద్దు, పాలు పెరుగు చీజ్ పర్లేదు, అని బుకింగ్‌లోనే విడమర్చి రాయించండి. ఎక్కిన రోజు సాయంత్రం భోజనశాల మేనేజర్‌కి మళ్లీ చెప్పండి. మూడో రోజు నుంచి షెఫ్ మా అత్తగారికి విడిగా తెల్లన్నం వండించి, పప్పు లాంటిదొకటి మసూర్‌తో చేసి పంపించాడు. ఉప్పూ కారం లేవనుకోండి, కానీ ఆ మనిషి మనసు చూడాలి కదా. ఆవిడ కందిపొడి కలుపుకుని ఆనందంగా తిన్నారు. నూట తొంభై మందికే వండుతారు కాబట్టి అడిగితే చేస్తారు. రెండు వేల మంది ఓడలో ఇది జరగదు.

నాగోల్_నాగమణి:
శ్రీవల్లీ, ఎలక్ట్రిక్ కుక్కర్ పట్టుకెళ్లొచ్చా? చిన్నదే. మా చెల్లెలు అన్ని దేశాలకీ తీసుకెళ్తుంది.

శ్రీవల్లి_వియన్నా:
వద్దక్కా. ఓడల్లో నిప్పు భయం ఎక్కువ. ఇస్త్రీపెట్టె, కెటిల్, కుక్కర్ లాంటి వేడి పుట్టించేవేవీ క్యాబిన్‌లో వాడనివ్వరు. లాంజ్ దగ్గర ఇరవై నాలుగ్గంటలూ కాఫీ మెషీన్ ఉంటుంది, వేడినీళ్లు అందులోంచి పట్టుకోవచ్చు. కప్పు ఉప్మా, కప్పు పోహా ప్యాకెట్లకి అవి చాలు.

ఇంకోటి. ఇండియా నుంచి నెయ్యి, పాలకోవా తేవద్దు. పాలతో, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి సామాన్లలో తేకూడదని యూరోపియన్ యూనియన్ రూలు. పట్టుకుంటే చెత్తబుట్టలోకే. పొడులు, పచ్చళ్లు, మురుకులు నిక్షేపంగా తెచ్చుకోవచ్చు. పచ్చడి సీసా మాత్రం రెండు కవర్లలో చుట్టండి, నూనె కారిందంటే ఇంటికొచ్చేదాకా బట్టలన్నీ ఆవకాయే.

మారేడుపల్లి_మాస్టారు:
నాయనా, ఇంత డబ్బు పోసి, కందిపొడి మూట కట్టుకుని, పక్క ఓడలో పళ్లు తోముకునేవాణ్ణి చూడ్డానికి వెళ్లాలా? పాపికొండల లాంచీ ఎక్కి, బొంగు చికెన్ తిని, కొల్లూరు వెదురు గుడిసెల్లో ఒక రాత్రి పడుకుంటే పోలా?

రాజోలు_సరంగు:
మాస్టారూ, పాపికొండల అందం దేనికదే. ఆ కొండల మధ్య గోదారి ఇరుకైనంత సొగసుగా డాన్యూబ్ ఉంటుందా అని నాకూ అనుమానమే. కానీ అది ఒక పూట ప్రయాణం, లాంచీలో క్యాబిన్లు ఉండవు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం తల్చుకుంటే ఇప్పటికీ మా గుండె ఝల్లుమంటుంది. వరదలో బోటు వదలడమేంటండీ అసలు! లైఫ్ జాకెట్ వేసుకోమంటే ఉక్కపోత అనేవాళ్లని ఇప్పటికీ చూస్తున్నా.

మన దేశంలో రాత్రిళ్లు పడుకుని వెళ్లే నది ఓడ కావాలంటే గంగా విలాస్ ఉంది. 2023 జనవరి 13న వారణాసిలో బయల్దేరదీశారు. బంగ్లాదేశ్ మీదుగా డిబ్రూగఢ్ దాకా 51 రోజులు. మొత్తం 18 సూట్లే. అందులో టికెట్టు మాట ఎత్తకపోవడమే మంచిది.

కువైట్_కోడలు:
మాస్టారి మాటకి కాదు గానీ, తిండే సమస్య అయితే నైలు నది కూడా చూడండి. లక్సర్ నుంచి అస్వాన్ దాకా మూడు నాలుగు రాత్రులు. ఓడలు యూరప్ వాటికన్నా వెడల్పు, గదులు పెద్దవి, పైన ఈత కొలను. తిండి మన నోటికి దగ్గర. ఫూల్ అనే బాకలా బీన్స్ కూర, వాటితోనే వేసే తామేయా వడలు, పప్పూ అన్నం పాస్తా కలిపే కొషరీ, నువ్వుల తహీనా, పొంగే గోధుమ రొట్టెలు. మా అమ్మకి పచ్చడి సీసా తియ్యాల్సిన అవసరమే రాలేదు.

ఎస్నా లాకు దగ్గర ఓడలు వరుసలో ఆగుతాయి. అప్పుడు చిన్న పడవల్లో వ్యాపారులు వచ్చేస్తారు. కిందనుంచి గలబియా చొక్కాలు, దుప్పట్లు కవర్లో పెట్టి నాలుగో అంతస్తు డెక్ మీదకి విసురుతారు. గురి తప్పదు! నచ్చితే డబ్బు అదే కవర్లో పెట్టి కిందికి విసరాలి, నచ్చకపోతే సరుకు విసరాలి. బేరం అంతా అరుపులే. మా అమ్మ నది మీద నిలబడి బేగంబజార్ లెవెల్లో బేరమాడింది.

కష్టం ఏంటంటే గుళ్లు. ఎండకి భయపడి తెల్లారకుండానే లేపుతారు. రేవుల్లో ఓడలు అక్కడా ఆనించే కడతారు, ఒడ్డుకి వెళ్లడానికి మూడు నాలుగు ఓడల రిసెప్షన్ల గుండా నడవాలి. మోకాళ్ల నొప్పులంటున్నారు కాబట్టి ఆలోచించండి.

కేపీహెచ్‌బీ_కుర్రాడు:
అబ్బ, ఎంత సమాచారం! అందరికీ థ్యాంక్స్. నైలు వచ్చే ఏడాదికి పెట్టుకుంటాం, ఈసారికి డాన్యూబే. మామయ్యగారూ, లిఫ్టు ఉంటుందని రాశారు బ్రోచర్లో. డాక్టరు ఉంటాడా? ఇంకో టెన్షన్, నదిలో నీళ్లు తగ్గితే బస్సులో తిప్పుతారని ఎక్కడో చదివాను, నిజమేనా?

మ్యూనిక్_మామయ్య:
లిఫ్టు ఉంటుంది, కానీ ఎక్కడ నుంచి ఎక్కడికి అని అడుగు. చాలా ఓడల్లో అది మధ్య డెక్‌కీ పై డెక్‌కీ మధ్యే తిరుగుతుంది. కింద డెక్‌కి దిగదు, సన్ డెక్‌కి ఎక్కదు. కింద గది తీసుకుంటే నాన్నగారు టిఫినుకీ భోజనానికీ ఊళ్లోకీ ప్రతిసారీ మెట్లే. కింద డెక్ చవక అని నేను అందరికీ చెప్తాను, మీ విషయంలో మాత్రం చెప్పను. భోజనశాల సాధారణంగా మధ్య డెక్‌లోనే ఉంటుంది కాబట్టి మధ్య డెక్ గది దొరికితే లిఫ్టు పని కూడా తక్కువే.

డాక్టరు ఉండడు. ఎప్పుడూ ఒడ్డు పక్కనే ఉంటాం కాబట్టి అవసరమైతే అంబులెన్స్ రేవుకే వస్తుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం, మందుల చీటీ ఇంగ్లీషులో దగ్గర పెట్టుకోవాలి.

నీళ్ల సంగతి నిజమే. తక్కువైనా కష్టం, ఎక్కువైనా కష్టం. తక్కువైతే అడుగు తగుల్తుంది, ఎక్కువైతే వంతెన కింద పట్టదు. 2018 శరదృతువులో రైన్ నది ఎంత ఎండిపోయిందంటే కౌబ్ అనే ఊళ్లో నీటిమట్టం కొలబద్ద 25 సెంటీమీటర్లకి దిగింది. 2024 సెప్టెంబరు వరదలప్పుడు డాన్యూబ్ మీద ఓడలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పసావ్ పాత టౌన్‌హాల్ గోడ మీద వరద గుర్తులు ఉంటాయి, 2013 జూన్‌లో వచ్చినది 12.89 మీటర్లు. మూడు నదులు కలిసే ఊరు మరి. నాన్నగారికి చూపించండి, గోదారి వరద చూసినవాళ్లకి అది బాగా ఎక్కుతుంది.

కానీ మీ రూటు కొంత నయం. తక్కువ నీళ్లతో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది స్ట్రౌబింగ్, విల్స్‌హోఫెన్ మధ్య. అక్కడ లాకులు కట్టలేదు, నది దాని ఇష్టానికి పారుతుంది. న్యూరెంబర్గ్ నుంచి బయల్దేరే టూర్లు అక్కడ ఇరుక్కుంటాయి. మీరు దాని కింద, పసావ్ నుంచి మొదలు. పైగా న్యూరెంబర్గ్ వైపు వంతెనలు మరీ తక్కువ ఎత్తులో ఉంటాయి. కెప్టెన్ గది మొత్తం హైడ్రాలిక్స్ మీద కిందికి దిగిపోతుంది, సన్ డెక్ రెయిలింగులు మడిచేస్తారు, జనాన్ని పైకి రానివ్వరు. మీకు ఆ బెడద పెద్దగా ఉండదు.

ఒక్క పూట మాత్రం ఎవరేం చెప్పినా డెక్ మీదే ఉండాలి. మెల్క్, క్రెమ్స్ ఊళ్ల మధ్య వాఖావ్ లోయ, ముప్పై అయిదు కిలోమీటర్లు. పసుపు రంగు మఠం, కొండవాలు ద్రాక్షతోటలు, ఇంగ్లండు రాజు రిచర్డ్‌ని బంధించిన డ్యూర్న్‌స్టైన్ కోట శిథిలం. దాన్ని పగలే దాటిస్తారు. బాల్కనీలో కూర్చుంటే ఒక ఒడ్డే కనిపిస్తుంది. డెక్ మీదైతే రెండూ. సన్ డెక్‌కి లిఫ్టు లేకపోతే లాంజ్ బయట ముందు భాగంలో కుర్చీలు ఉంటాయి, నాన్నగారు అక్కడ సుఖంగా కూర్చోవచ్చు.

డల్లాస్_దివ్య:
మేం అయిదేళ్ల బాబుతో వెళ్దామనుకుంటున్నాం. పిల్లలకి బావుంటుందా?

శ్రీవల్లి_వియన్నా:
దివ్యా, వైకింగ్ వాళ్లయితే 18 ఏళ్ల లోపు పిల్లల్ని ఎక్కించుకోరు. మిగతావాళ్లు తీసుకున్నా, ఓడ నిండా రిటైరైనవాళ్లు. వై-ఫై లోయల్లో, లాకుల్లో తెగిపోతుంటుంది. మీ బాబు కార్టూన్లు ఆగిపోతే ఓడ మొత్తానికి తెలుస్తుంది. పదేళ్లు దాటాక, సైకిల్ తొక్కేటప్పుడు తీసుకెళ్లండి.

కేపీహెచ్‌బీ_కుర్రాడు:
తేల్చేశాం. మధ్య డెక్, ఫ్రెంచ్ బాల్కనీ, ఓడ నడుమ గది. పై డెక్‌కి కట్టాల్సిన డబ్బుతో వియన్నాలో ఇంకో రెండు రాత్రులు హోటల్లో ఉంచుతాం. అమ్మకి వియన్నాలో మన భోజనం దొరుకుతుందా? అమ్మ తరఫున ఇంకో సిగ్గు ప్రశ్న: బాత్రూంలో హ్యాండ్ షవర్ ఉంటుందా?

శ్రీవల్లి_వియన్నా:
ఓడలు ఎక్కువగా రైష్‌బ్రూకె వంతెన దగ్గర ఆగుతాయి. అక్కడినుంచి యు-1 మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ స్టెఫాన్స్‌ప్లాట్జ్, ఊరి నడిబొడ్డు. ఇండియన్ హోటళ్లు బోలెడు. దోసె పెట్టేవి కూడా ఉన్నాయి.

సిగ్గేముంది, అందరూ అడిగేదే. హ్యాండ్ షవర్ అంటే స్నానం చేసే గాజు గదిలో ఉండేదే, కమోడ్ దాకా రాదు. ప్లాస్టిక్ మగ్గు ఒకటి సూట్‌కేసులో పడెయ్యండి. గదిలో మంచాలు ఎత్తుగా ఉంటాయి, ఖాళీ సూట్‌కేసులు వాటి కిందకి తోసెయ్యొచ్చు.

మ్యూనిక్_మామయ్య:
టిప్పులు కూడా లెక్కలో వేసుకో బాబూ. మనిషికి రోజుకి పది, పదిహేను యూరోలు చివర్లో అడుగుతారు, కొన్ని కంపెనీలు టికెట్లోనే కలిపేస్తాయి. బుకింగ్ ఫారంలో శ్రీవల్లి చెప్పిన తిండి వాక్యం, లిఫ్టు ప్రశ్న, నడుమ గది, మూడూ ఈమెయిల్లో రాతపూర్వకంగా తీసుకో. ఫోన్లో సరే అన్నవాడు ఓడ ఎక్కేనాటికి అక్కడ ఉండడు.